వాసన పోతే భయం లేదా?

ముక్కున్నంత కాలం పడిశం ఉంటుందని పెద్దలు ఊరికే అనలేదు. పడిశం పట్టినప్పుడు నాలుగు రోజులు చారు రుచి తెలియకపోవడం, పక్కనే అగరువత్తి వెలుగుతున్నా వాసన రాకపోవడం మనందరికీ అనుభవమే. ముక్కు దిబ్బడ వదలగానే వాసన కూడా తిరిగి వచ్చేది. అందుకే దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. డాక్టరు దగ్గర కూర్చుని జ్వరం గురించీ, దగ్గు గురించీ చెప్పుకున్నాం గాని, "వాసన తెలియడం లేదండీ" అని చెప్పుకున్నవాళ్ళు అరుదు.

2020లో వచ్చిన కరోనా ఈ పద్ధతిని మార్చేసింది. ముక్కు దిబ్బడ లేదు, నీరు కారడం లేదు. అయినా ఉదయం లేచేసరికి కాఫీ వాసన లేదు, మధ్యాహ్నానికి ఇంగువ పోపు వాసన లేదు. ఆ ఏడాది మార్చి మూడో వారంలోనే బ్రిటన్‌లోని చెవి, ముక్కు, గొంతు వైద్యుల సంఘం అధ్యక్షుడు నిర్మల్ కుమార్, ముక్కు వైద్య నిపుణుల సంఘం అధ్యక్షురాలు క్లేర్ హాప్కిన్స్ కలిసి ఒక ప్రకటన చేశారు. మరే కారణమూ లేకుండా హఠాత్తుగా వాసన పోతే కరోనాగా అనుమానించాలని దాని సారాంశం. మన కేంద్ర ఆరోగ్యశాఖ 2020 జూన్ 13న వాసన, రుచి పోవడాన్ని కరోనా లక్షణాల జాబితాలో చేర్చింది.

అంతవరకు బాగానే ఉంది. ఆ వెనకే మరో మాట వచ్చింది. "వాసన పోయిందా? అయితే మంచిదే. వాసన పోయినవాళ్ళకి జబ్బు ముదరదట" అన్నది ఆ మాట. మా బరంపురంలో దీన్ని తెలుగులోనూ, ఒడియాలోనూ విన్నాను. బ్యాంకు కౌంటరు దగ్గరా విన్నాను, పెళ్ళి భోజనాల దగ్గరా విన్నాను. ఈనాటికీ ఎవరింట్లోనైనా జ్వరమూ దగ్గూ పట్టి వాసన పోతే ఇదే మాట చెప్పి ధైర్యం చెబుతున్నారు.

నేను వైద్యుణ్ణి కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరి అంకెల మధ్యనే వయసు గడిపినవాణ్ణి. ఒక అంకె చేతికి వస్తే అది ఎక్కడినుంచి వచ్చింది, ఎవరిని లెక్కపెట్టారు, ఎవరిని లెక్కపెట్టలేదు అని అడగడం మా వృత్తిలో అలవాటు. ఆ అలవాటుతోనే ఈ మాట పుట్టుపూర్వోత్తరాలు వెతికాను.

ముక్కులో జరిగేది

ముందుగా వాసన ఎందుకు పోతుందో చూద్దాం. ముక్కు లోపల పైభాగాన, దాదాపు రెండు కళ్ళ మధ్య ఎత్తున, వాసనను పట్టే పలచని పొర ఉంటుంది. అందులో వాసన కబురును మెదడుకు చేరవేసే నరాల కణాలుంటాయి. వాటి చుట్టూ వాటికి దన్నుగా నిలిచే కణాలుంటాయి. వైరస్ నేరుగా నరాల కణాలనే దెబ్బ తీస్తోందేమోనని మొదట్లో భయపడ్డారు. అమెరికాలోని హార్వర్డ్ వైద్య కళాశాలలో సందీప్ రాబర్ట్ దత్తా బృందం 2020 జులైలో ప్రచురించిన పరిశోధన ఆ భయాన్ని చాలావరకు తగ్గించింది. వైరస్ లోపలికి చొరబడడానికి వాడుకునే ఏస్-2 అనే ద్వారం నరాల కణాల మీద లేదు, దన్నుగా ఉండే కణాల మీద ఉంది.

మా భాషలో చెప్పాలంటే క్యాషియర్ ఆరోగ్యంగానే ఉన్నాడు. కాని కరెంటు లేదు, కంప్యూటర్ లేదు, నగదు పెట్టె తెచ్చి ఇచ్చేవాడు లేడు. కౌంటరు మూతపడింది. దన్ను కణాలు త్వరగానే తిరిగి పుడతాయి. అందుకే ఎక్కువమందికి కొన్ని వారాల్లో వాసన తిరిగి వస్తుంది. ఆ గందరగోళంలో నరాల కణాలు కూడా దెబ్బతింటే మాత్రం నెలలు పడుతుంది. అదృష్టవశాత్తు అవి కూడా మళ్ళీ పుట్టగలిగే కణాలే.

ఆ మాట ఎక్కడ పుట్టింది?

అమెరికాలో శాన్ డియాగో నగరంలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వైద్యులు 2020 ఏప్రిల్‌లో ఒక లెక్క ప్రకటించారు. కరోనా నిర్ధారణ అయి, వాసన వివరాలు కూడా తెలిసిన రోగులు 128 మంది. వారిలో ఆసుపత్రిలో చేరవలసివచ్చినవారు 26 మంది, ఇంటి దగ్గరే కోలుకున్నవారు 102 మంది. ఇంటి దగ్గర ఉన్నవారిలో వాసన పోయిందని చెప్పినవారు నూటికి 66.7. ఆసుపత్రిలో చేరినవారిలో అలా చెప్పినవారు నూటికి 26.9 మాత్రమే.

ఈ శాతాలను మనుషుల్లోకి మారిస్తే సంగతి ఇంకా స్పష్టపడుతుంది. వాసన పోయినవారు మొత్తం 75 మంది. వారిలో ఆసుపత్రికి వెళ్ళినవారు 7. వాసన పోనివారు 53 మంది. వారిలో ఆసుపత్రికి వెళ్ళినవారు 19. అంటే ఒక వైపు నూటికి తొమ్మిది, మరో వైపు నూటికి ముప్పై ఆరు. తేడా పెద్దదే, కాదనలేం. ముక్కులోనే శరీరం గట్టిగా ఎదురుతిరిగి వైరస్‌ను పైనే నిలువరించడం వల్ల ఇలా జరుగుతుందేమోనని కొందరు శాస్త్రవేత్తలు ఊహించారు. ఆ ఊహ నిజమైనా కావచ్చు.

కాని ఆ ఏడుగురిని మరిచిపోకూడదు. వాళ్ళకూ వాసన పోయింది. వాళ్ళూ ఆసుపత్రిలో చేరారు. వంద అప్పుల్లో తొంభై ఒకటి సక్రమంగా తీరతాయని తెలిసినంత మాత్రాన తక్కిన తొమ్మిదింటికి హామీ అడగకుండా ఏ బ్యాంకూ డబ్బివ్వదు. పైగా ఏ తొమ్మిది మొండిబాకీలవుతాయో ముందుగా తెలియదు.

ఎవరిని అడిగారు?

ఇంతకంటే పెద్ద ప్రశ్న ఇంకొకటి ఉంది. వాసన పోయిందని ఎవరు చెబుతారు? ప్రతి బ్యాంకు శాఖలోనూ ఒక ఫిర్యాదుల పుస్తకం ఉంటుంది. పాసుబుక్కు ప్రింటు కాలేదని అందులో రాసేది తీరికగా వచ్చిన ఖాతాదారు. ఇల్లు కాలిపోయినవాడు పాసుబుక్కు గురించి ఫిర్యాదు రాయడు. అలాగని అతని పాసుబుక్కు సరిగ్గా ఉన్నట్టు కాదు. ఊపిరి ఆడక ఆక్సిజన్ గొట్టం పెట్టుకున్న మనిషి, మాట్లాడితే ఆయాసపడే మనిషి, తనకు సాంబారు వాసన తెలియడం లేదన్న సంగతి గమనిస్తాడా? గమనించినా చెబుతాడా?

ఇది నా ఊహ మాత్రమే కాదు. యూరప్‌లో 18 ఆసుపత్రులకు చెందిన 2,581 మంది రోగుల మీద జరిగిన పెద్ద పరిశీలన ఫలితాలు 2021లో వైద్యపత్రికలో వచ్చాయి. నోటితో అడిగినప్పుడు, జబ్బు తేలికగా వచ్చినవారిలో నూటికి 85.9 మంది వాసన పోయిందన్నారు. జబ్బు మధ్యరకంగానో తీవ్రంగానో వచ్చినవారిలో ఆ మాట చెప్పినవారు నూటికి 4.5 నుంచి 6.9 మంది మాత్రమే. ఏనుగుకూ ఎలుకకూ ఉన్నంత తేడా. కాని వారిలో కొందరికి నిజంగా వాసనలు చూపించి పరీక్ష చేసినప్పుడు, తేలికపాటి జబ్బువారిలో నూటికి 54.7 మందికి, తక్కినవారిలో నూటికి 36.6 మందికి లోపం కనిపించింది. తేడా ఉంది. కాని నోటిమాటలో కనిపించినంత తేడా లేదు.

ఇరాన్ రాజధాని టెహరాన్‌లో 2020లో ఆసుపత్రిలో ఉన్న 60 మంది కరోనా రోగులకు 40 వాసనల పరీక్ష పెట్టారు. వారిలో 59 మందికి ఎంతో కొంత ఘ్రాణలోపం తేలింది. తమకు ఆ లోపం ఉందని తెలిసినవారు మాత్రం మూడింట ఒక వంతే. అంటే "మా ఆయనకి వాసన బాగానే ఉందట" అన్న మాటకు విలువ తక్కువ. పరీక్షించి చూస్తేగాని తెలియదు.

వయసు సంగతి కూడా ఉంది. 65 ఏళ్ళు దాటినవారిలో సగం మందికి పైగా, 80 దాటినవారిలో మూడు వంతుల మందికి పైగా వాసన శక్తి బాగా తగ్గి ఉంటుందని అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ డోటీ బృందం 1984లోనే చూపించింది. కరోనా తీవ్రంగా కొట్టింది పెద్దవయసు వారినే. ఉన్న వాసనే అంతంతమాత్రమైతే పోయిందని చెప్పేదేముంటుంది? కాబట్టి "వాసన పోనివారు" అన్న వరుసలో పెద్దవాళ్ళు ఎక్కువగా చేరిపోతారు. ఆ వరుసలో ప్రమాదం ఎక్కువ కనిపించడానికి వయసూ ఒక కారణమే.

ఇంకొక సాక్ష్యం. 2021 చివర్లో వచ్చిన ఒమిక్రాన్ రకం అంతకుముందటి డెల్టా కంటే తేలికైనదని తేలింది. వాసన పోవడమే తేలికపాటి జబ్బుకు గుర్తయితే ఒమిక్రాన్‌లో వాసన పోయినవారు పెరగాలి కదా? జరిగింది తలకిందులు. బ్రిటన్‌లో టీకా వేయించుకున్నవారి లెక్కల ప్రకారం డెల్టా కాలంలో నూటికి 52.7 మందికి వాసన పోతే, ఒమిక్రాన్ కాలంలో 16.7 మందికే పోయింది. వాసన పోవడం, జబ్బు తేలికగా తగ్గడం అన్నవి ఎప్పుడూ జంటగా నడిచేవి కావన్నమాట.

ఇచ్ఛాపురంలో మా అక్కయ్య

2021 మే నెలలో, ఊళ్ళన్నీ భయంతో తలుపులు వేసుకున్న రోజుల్లో, ఇచ్ఛాపురంలో మా బావగారికి కరోనా వచ్చింది. ఆయన రిటైరైన ఉపాధ్యాయుడు, షుగరు ఉంది. మూడో రోజున వాసన పోయింది. కిటికీ అవతలనుంచి పరామర్శించిన ప్రతివారూ ఒకటే మాట: "వాసన పోయిందా మాస్టారూ? ఇంక మీకు ఫర్వాలేదు." ఆయన కూడా ఆ మాట పట్టుకుని వేలికి మీటరు పెట్టించుకోవడం మానేస్తానన్నారు.

మా అక్కయ్య ఎనిమిదో తరగతి వరకే చదివింది. ఆమె ఒప్పుకోలేదు. "ఒరే తమ్ముడూ, వాసన పోతే ముక్కు సంగతి తెలిసింది. ఊపిరి సంగతి మీటరే కదరా చెప్పాలి" అంది నాతో ఫోనులో. పూటకోసారి మీటరు పెట్టి, పాత క్యాలెండరు వెనక అంకెలు రాసి, రాత్రికి నాకు చదివి వినిపించేది. 97, 96, 96, 95. ఎనిమిదో రోజు పొద్దున్న 91. ఆయన మాత్రం కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నారు, ఆయాసం లేదు. ఈ జబ్బులో అదే మోసం. ఆక్సిజన్ తగ్గుతున్నా కొందరికి ఊపిరాడని బాధ తెలియదు. ఆ మధ్యాహ్నమే శ్రీకాకుళం తీసుకువెళ్ళారు. ఆరు రోజులు ఆక్సిజన్ మీద ఉండి తిరిగి వచ్చారు.

మరునాటి వరకు ఆగి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను. కాని ఆగమని సలహా ఇచ్చినవారందరూ మంచి మనసుతోనే ఇచ్చారు. ఏదో ఒక అంకె విని, దాన్ని అభయంగా మార్చుకున్నారు. మా అక్కయ్య క్యాలెండరు వెనక రాసినవి మాత్రం బావగారి సొంత అంకెలు.

ప్రాణం దక్కింది, వాసన దక్కలేదు

ఇక రెండో వైపు. జబ్బు తేలికగా పోయినవారిలో వాసనే ఆఖరికి మిగిలిన నష్టమైతే? మా శ్రీమతికి 2020 సెప్టెంబరులో కరోనా వచ్చింది. రెండు రోజులు జ్వరం, ఒళ్ళు నొప్పులు, అంతే. వాసన మాత్రం పూర్తిగా పోయింది. రెండు నెలల తర్వాత తిరిగి వస్తున్నట్టే వచ్చి వికటించింది. కాఫీ రబ్బరు కాలినట్టు, వేగుతున్న ఉల్లిపాయ కుళ్ళినట్టు తోచేది. దీన్ని వైద్యులు పరోస్మియా అంటారు. కాఫీ, ఉల్లి, వెల్లుల్లి, వేయించిన మాంసం, టూత్‌పేస్టు ఎక్కువమందిని ఇలా బాధిస్తాయట. నరాలు తిరిగి అతుక్కునే క్రమంలో కబుర్లు తారుమారుగా చేరడం వల్ల ఇలా జరుగుతుందని చెబుతారు.

ఆమె పోపు పెట్టడం మానేసింది. పెరుగన్నంతో సరిపెట్టుకుని నెలల్లో చిక్కిపోయింది. పాలు అడుగంటి ఇల్లంతా కమురు కమ్మినా పక్కగదిలో ఉన్న ఆమెకు తెలియలేదు. ఒకరోజు స్టౌ మంట ఆరిపోయి గ్యాసు వస్తుంటే, బయటినుంచి వచ్చిన మా అబ్బాయి గుమ్మంలోనే పసిగట్టి ఆపాడు. గంజాం జిల్లా మొగలి పువ్వుకు పేరుపడ్డ చోటు. మా చుట్టుపక్కల ఊళ్ళలో తెల్లవారుజామున పూలు కోసి అత్తరు తీస్తారు. వానాకాలం ఆ దారిన వెళుతుంటే బస్సులోకే వాసన వస్తుంది. "ఇదివరకు ఈ మలుపు దగ్గర కళ్ళు మూసుకున్నా ఎక్కడున్నామో తెలిసేది" అంది ఒకసారి. ఆమె పోయిందన్నది ఒక్క పువ్వు వాసన గురించే కాదని నాకు అర్థమైంది.

ఇంట్లో వచ్చినవాళ్ళు "ప్రాణం దక్కింది, చాల్లే" అనేవారు. నిజమే. కాని ఆ మాట తర్వాత ఆమె ఇంకేమీ చెప్పుకోలేకపోయేది. బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 2022 జులైలో వచ్చిన ఒక సమీక్ష, 3,699 మంది రోగుల వివరాలు కూడి చూసి, వాసన పోయినవారిలో నెలకు నూటికి 74 మందికి, మూడు నెలలకు 90 మందికి, ఆరు నెలలకు 96 మందికి తిరిగి వచ్చిందని చెప్పింది. ఆడవారిలో కోలుకోవడం కొంత తక్కువని కూడా చెప్పింది. నూటికి నలుగురైదుగురంటే చిన్న అంకెలా కనిపిస్తుంది. కాని జబ్బు పడింది కోట్లమంది. అందులో నలుగురైదుగురి లెక్క వేసుకుంటే ఎన్ని వంటిళ్ళవుతాయో మీరే ఆలోచించండి.

మనం చేయగలిగినది

జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో థామస్ హమ్మెల్ అనే వైద్యుడు 2009లో ఒక సాధన పద్ధతిని ప్రచురించారు. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం — ఈ నాలుగు వాసనలనూ రోజుకు రెండుసార్లు, ఒక్కొక్కటి పది సెకన్ల చొప్పున, మూడు నెలలపాటు శ్రద్ధగా పీల్చాలి. పీల్చేటప్పుడు ఆ వాసనను గుర్తుచేసుకోవాలి. ఖర్చు దాదాపు లేదు, ప్రమాదమూ లేదు. ఫలితం అందరికీ ఒకేలా ఉండదు. మా శ్రీమతి నిత్యం దీపం పెట్టే వేళకు ఇది చేసింది. నాలుగో నెలలో లవంగం లవంగంలా తోచింది. ఏడాది దాటాక కాఫీ తాగింది. మొగలి వాసన ఇప్పటికీ పూర్తిగా పాతవాసన కాదంటుంది.

చదువరులు గుర్తుంచుకోదగ్గవి కొన్ని చెబుతాను.

జ్వరం, దగ్గుతో పాటు వాసన పోతే, అది వైరస్ సోకిందనడానికి గట్టి గుర్తు. పరీక్ష చేయించి, ఇంట్లో పెద్దవారికి దూరంగా ఉండాలి. జబ్బు తేలికగా పోతుందనడానికి మాత్రం దాన్ని గుర్తుగా తీసుకోకూడదు. ఆక్సిజన్ అంకె 94 కంటే తగ్గినా, ఆయాసం, గుండెలో బరువు, మగత కనిపించినా, వాసన ఉన్నా లేకపోయినా వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. షుగరు, గుండెజబ్బు ఉన్నవారి విషయంలో మరీ జాగ్రత్త.

వాసన త్వరగా రావాలని సొంతంగా స్టెరాయిడ్ మాత్రలు కొని వేసుకోవద్దు. 2021లో బ్లాక్ ఫంగస్ ప్రబలినప్పుడు షుగరు ఉన్నవారికి విచ్చలవిడిగా స్టెరాయిడ్లు వాడడం ఎంత కీడు చేసిందో చూశాం. నెల దాటినా వాసన రాకపోతే చెవి, ముక్కు, గొంతు వైద్యుణ్ణి కలవాలి. జలుబూ జ్వరమూ లేకుండానే వాసన తగ్గుతూ వస్తే వేరే కారణాలుంటాయి కాబట్టి అప్పుడు కూడా వైద్యుణ్ణి చూడడం మంచిది.

వాసన తెలియనివారు ఇంట్లో ఒంటరిగా ఉంటే రాత్రి పడుకునేముందు సిలిండరు దగ్గర రెగ్యులేటరు కట్టేయాలి. గ్యాసుకు సహజంగా వాసన లేదు. లీకయితే తెలియాలనే అందులో ఘాటైన మెర్కాప్టన్ కలుపుతారు. ముక్కు పనిచేయనివారికి ఆ హెచ్చరిక అందదు. గ్యాసు లీకయినప్పుడు ఫోను చేయవలసిన నంబరు 1906. మిగిలిన వంటల మీద తేదీ రాసి పెట్టుకోవాలి. చప్పగా ఉందని ఉప్పు పెంచుకుంటూ పోతే బి.పి. పెరుగుతుంది. కావాలంటే నిమ్మరసం, మిరియం, కరకరలాడే వడియం తోడు చేసుకోవచ్చు.

చివరగా, మన కుటుంబాల్లో ఆడవాళ్ళు, పెద్దవాళ్ళు తమ బాధ తామై చెప్పుకోరు. "వంట ఎందుకో చప్పగా ఉంది" అని విసుక్కునే ముందు వండినవారికి వాసన తెలుస్తోందో లేదో ఒక్కసారి అడగండి. ఒక లవంగం చేతికిచ్చి చూడమనండి. తెలియడం లేదంటే నవ్వేయకండి, "ఫర్వాలేదు, మంచిదే" అని కూడా అనకండి. కూర్చోబెట్టి ఎన్నాళ్ళనుంచి అని అడగండి.